కానన్ కెమెరాల వెనుకబాటు: అశక్తతయా, అనిచ్ఛయా?

ఛాయాగ్రాహకులు నలుగురు కూడినచోట, అది పెండ్లివారి విడిదియైనను, కెమెరాలు బాగుచేయు దుకాణమైనను, తప్పక తలయెత్తు వివాదమొకటి గలదు. లెన్సులు మార్చుకొను డిజిటల్ కెమెరాల అమ్మకములలో 2003 మొదలు ఏటేట ప్రపంచమున ప్రథమస్థానము తమదేనని చెప్పుకొనుచున్న కానన్ వారు, కెమెరాలోని సదుపాయముల విషయమున సోనీ, నికాన్ వారికి వెనుకబడిరా లేదా అన్నదే ఆ వివాదము. సెన్సారు బలహీనమని ఒకరందురు. వీడియోలో కావలసినవి ఈయలేదని మరొకరందురు. ఏండ్ల తరబడి కూర్చుకొన్న లెన్సులను చూపి, ఇవి యుండగా నాకేమి లోటని వేరొకరందురు. మూడు మాటలును నిజమే. చేయలేకపోవుటను, చేయగలిగియు చేయకుండుటను వెనుకబాటు అను ఒక్క పేరుతో కలగాపులగము చేయుటవలననే ఈ వాదము ఎంతకును తెగకున్నది.

మొదట చేయలేకపోయిన సంగతి చూతము. 2012లో నికాన్ డి800, కానన్ 5డి మార్క్ 3 కొలది వారముల తేడాతో అంగళ్లకు వచ్చినవి. దానిలో 36 మెగాపిక్సెళ్లు, దీనిలో 22. అయినను అంతకంటె గణనీయమైన భేదము నీడలలో నుండెను. పట్టపగలు కొబ్బరాకుల పందిరి క్రింద పీటలపై కూర్చున్న వధూవరులను, వెలుపలి ఎండతోకూడ ఒకే ఫ్రేములో పట్టవలసి వచ్చెననుకొందము. ఎండ తెల్లబారిపోకుండుటకై ఎక్స్‌పోజరు తగ్గించి తీసి, పిదప కంప్యూటరులో నీడలను వెలిగింతుము. అట్లు వెలిగించునపుడు నికాన్ చిత్రమున వధువు జడయల్లిక, పట్టుచీర మడతలు చెక్కుచెదరక పైకి వచ్చుచుండగా, కానన్ చిత్రమున ఆ నీడలలోనే ఇసుక చల్లినట్లు రేణువులును, వానితోపాటు సన్నని చారలును బయటపడుచుండెను. సెన్సారులను పరీక్షించు డీఎక్స్ఓమార్క్ వారి కొలతలలో కనిష్ఠ ఐఎస్ఓ వద్ద డి800 వెలుగునీడల విస్తృతి 14.4 స్టాపులు; 5డి మార్క్ 3 విస్తృతి 11.7. ఒక్క స్టాపు భేదమనగా వెలుగు రెట్టింపగుట యని తలచినచో, ఈ అంతరము ఎంతటిదో బోధపడగలదు.

దీనికి హేతువు సెన్సారు నిర్మాణములో నున్నది. సెన్సారుపై బడిన కాంతి విద్యుత్సంకేతముగా మారును. ఆ సంకేతమును కొలిచి అంకెగా మార్చవలెను. డి800లో నుండినది సోనీ వారి సెన్సారు. దానియందు అంకెలుగా మార్చు సాధనములు ఒక్కొక్క నిలువు వరుసకు ఒకటి చొప్పున ఆ సిలికాను ఫలకముపైననే యమర్పబడినవి. కానన్ సెన్సారునుండి మాత్రము సంకేతము ఫలకమును వీడి వేరొక చిప్పునకు పయనింపవలసి యుండుటచే, నీడలనుండి వచ్చు బలహీన సంకేతములకు దారిలోనే అలజడి సోకుచుండెను. ఐఎస్ఓ పెంచినపుడు సంకేతము ఆ పయనమునకు పూర్వమే బలపరుపబడును గావున ఈ అలజడి లెక్కకు రాదు. అందుచేతనే రాత్రి రిసెప్షన్లు తీయువారికి ఈ లోపము దాదాపు కనబడనే లేదు. పగటివేళ కొండలను, కోనలను తీయువారికి మాత్రము అడుగడుగున అడ్డువచ్చెను. ఒకే కెమెరానుగూర్చి ఇరువురు ఇట్లు విరుద్ధముగా పలుకుచు, ఇరువురును సత్యమే పలికిరి. 2016లో వచ్చిన 80డి, 5డి మార్క్ 4 మున్నగువానిలో ఆ సాధనములు కానన్ ఫలకముపైకిని చేరుటతో లోటు చాలవరకు తీరెను. ఆలస్యమైనను, చేతగానిదానిని నేర్చి సరిదిద్దుకొన్న సంస్థను నేను తప్పుపట్టను.

తప్పుపట్టవలసినది రెండవ తీరు. 2008లో కానన్ వారే 5డి మార్క్ 2లో ఫుల్ హెచ్‌డీ వీడియో నిచ్చి, సామాన్యుని చేతికి సినిమా కెమెరా నందించిరి. 2010లో అమెరికాలో ‘హౌస్’ ధారావాహికలో ఒక భాగమంతయు దానితోనే చిత్రింపబడెను. మరుసటి యేడు రామ్ గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కానన్ 5డి కెమెరాలతో అయిదు దినములలో పూర్తిచేసెను. ఇంతటి దారి తెరచినవారు, 2011లో సీ300 అను ఖరీదైన సినిమా కెమెరాను వెలువరించిన పిమ్మట, సామాన్యుని కెమెరా విషయమున చేయి బిగించిరి. 5డి మార్క్ 4లోను, 2018 నాటి ఈఓఎస్ ఆర్‌లోను 4కె వీడియో సెన్సారు నడిమిభాగమును మాత్రమే వాడుకొనుటచే, విశాలదృశ్యమునకై కొన్న లెన్సు అక్కరకు రాకపోయెను. 2019లో వచ్చిన 90డిలో సినిమాకు ప్రాణమైన సెకనుకు 24 ఫ్రేముల వేగమే లేదు. కొనువారు ఆక్షేపింపగా, కొలది నెలలకే సాఫ్ట్‌వేర్ మార్పుతో అది వచ్చి చేరెను. సాఫ్ట్‌వేరుతో రాగలిగినది మొదట రాకుండుట అశక్తత ఎట్లగును? అంతకు చాల ముందుగనే, మ్యాజిక్ లాంటర్న్ అను పేర స్వచ్ఛందముగా పనిచేయు ప్రోగ్రామర్లు కానన్ కెమెరాలలో మరయైనను మార్చకయే, 2013లో 5డి మార్క్ 3 చేత ‘రా’ (సెన్సారు సంకేతమును ఉన్నదున్నట్లు భద్రపరచు) వీడియో తీయించి చూపిరి.

ఈఓఎస్ ఆర్‌లో మెమొరీ కార్డునకు చోటు ఒక్కటే. చేతి వణకును సరిదిద్దు ఏర్పాటు బాడీలో లేదు. ఈఓఎస్ ఆర్ వచ్చిన 2018లోనే వచ్చిన సోనీ ఏ7 3లో కార్డులకు రెండు చోట్లును, ఆ ఏర్పాటును గలవు. మాంగల్యధారణము రెండవమారు జరుగునది కాదు గనుక, కార్డు చెడినచో ఆ ఛాయాగ్రాహకుడు పెండ్లివారికి చెప్పగల సమాధానము లేదు. నికాన్ జెడ్6, జెడ్7లలోను కార్డునకు చోటు ఒక్కటే యన్నది ఇక్కడ చెప్పకున్న అన్యాయమగును. రెండేండ్లకే, 2020లో, కానన్ ఆర్5 రెండు కార్డులతో, 45 మెగాపిక్సెళ్లతో, 8కె వీడియోతో వచ్చినది. దీర్ఘముగా వీడియో తీసినచో వేడెక్కి ఆగుచుండెనన్న అపవాదు దానికి వచ్చినను, సదుపాయములలో వెనుకబడినదన్న మాట అంతటితో చెల్లకపోయెను. ఫోకస్ విషయమున కానన్ మొదటినుండియు వెనుకబడినది కాదు: 2013లో 70డితో ప్రవేశపెట్టిన డ్యూయల్ పిక్సెల్ విధానములో ప్రతి పిక్సెలును రెండుగా విభజించుటచే, నడచివచ్చు మనిషి ముఖమును వీడియోలో తడబాటు లేక అనుసరించుట సాధ్యమయ్యెను.

నేటి వెనుకబాటు కెమెరాలో గాక లెన్సులో నున్నదని నా అభిప్రాయము. సోనీ వారు 2011లోనే తమ ఈ-మౌంటు వివరములను ఇతర తయారీదారులకు తెలియజేయుటచే, సిగ్మా, టామ్రాన్ వంటివారి లెన్సులు సరసమైన ధరలకు విరివిగా లభించినవి. కానన్ వారు 2018లో ఆరంభించిన ఆర్ఎఫ్ మౌంటును ఇతరులకు చిరకాలము మూసియుంచి, 2024లో చిన్న సెన్సారు కెమెరాలకు సరిపడు లెన్సుల మట్టుకు ఆ ఇరువురికి అనుమతి నిచ్చిరి. 1987 నుండి వచ్చిన ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో నేటికిని చక్కగా పనిచేయుట పాతవారికి గొప్ప ఊరటయే. కాని క్రొత్తగా స్టూడియో తెరచు యువకునికి ఆ ఊరట లేదు.

కెమెరా కొనదలచినవారు బాడీ ధరను మాత్రమే చూడక, తమ పనికి వలయు మూడు నాలుగు లెన్సుల ధరలనుగూడ కాగితముపై వేసికొని, మూడు సంస్థలను పోల్చిచూచిన పిమ్మటనే నిశ్చయింపుడు. కానన్ వాడుచున్నవారు పెద్ద సెన్సారు గల ఫుల్ ఫ్రేము కెమెరాలకును ఇతరుల లెన్సులను అనుమతింపుమని ఆ సంస్థను అడుగుడు. 24 ఫ్రేముల వేగము అట్లు అడిగినందుననే వచ్చినది.