సుడిగాలుల సీమ

వేసవి మధ్యాహ్నం మన ఊరి బయళ్లలో చిన్న సుడిగాలి లేచి, దుమ్మును, ఎండుటాకులను గిరగిర తిప్పి క్షణంలో అణగిపోతుంది. పిల్లలకది వేడుక. అమెరికా మైదానాలలో వీచే టోర్నడో అటువంటిది కాదు. అది ఉరుముల మేఘం నుండి నేల వరకు వ్యాపించే ప్రచండమైన గాలిస్తంభం. మన తీరాన్ని తాకే తుపాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి, రోజుల తరబడి పయనించి వస్తుంది. టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లే. ఆయుష్షు కొద్ది నిమిషాలే. అయినా అతి తీవ్రమైన టోర్నడోలో గాలివేగం గంటకు 320 కిలోమీటర్లను మించుతుంది.

అమెరికాలో ఏటా సుమారు 1,200 టోర్నడోలు సంభవిస్తాయి. మరే దేశంలోనూ ఇన్ని లేవు. టెక్సాస్, ఓక్లహామా, కాన్సస్, నెబ్రాస్కా రాష్ట్రాల మైదానాలకు ‘టోర్నడో వీధి’ అనే పేరే ఏర్పడింది. ఇందుకు కారణం ఆ నేల ఉనికి. దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖ నుండి వెచ్చని తేమగాలి వస్తుంది. పశ్చిమాన రాకీ పర్వతాలను, ఎత్తైన పీఠభూములను దాటి పొడిగాలి దాని మీదికి వస్తుంది. ఉత్తరాన కెనడా నుండి చల్లగాలి దిగుతుంది. వీటిని అడ్డగించే పర్వతం నడుమ ఒక్కటీ లేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగమూ దిశా మారడంతో వాయురాశి దొర్లే దూలంలా అడ్డంగా తిరుగుతుంది. పైకెగసే వెచ్చనిగాలి ఆ భ్రమణాన్ని నిలువుగా లేపుతుంది. అప్పుడు మేఘమే తిరుగుతుంది. అయితే తిరిగే ప్రతి మేఘమూ టోర్నడోకు జన్మనివ్వదు.

ఏప్రిల్, మే, జూన్ నెలలలో, ముఖ్యంగా సాయంవేళ, ఇవి అధికం. ఇటీవలి దశాబ్దాలలో తూర్పున మిసిసిపీ, టెనెస్సీ ప్రాంతాలలో వీటి సంఖ్య పెరుగుతున్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఈ సీమలోనూ ఒక ఇంటిని టోర్నడో తాకే అవకాశం ఏ ఏటికాయేడు అత్యల్పమే. కాని ఓక్లహామాలోని మూర్ పట్టణాన్ని 1999లోనూ, 2013లోనూ అత్యంత తీవ్రమైన టోర్నడోలు ధ్వంసం చేశాయి. ఒకసారి వచ్చినచోటికి మళ్లీ రాదనుకోవడం భ్రమ.

దశాబ్దాల పాటు ప్రజలు భీతిల్లుతారన్న శంకతో అక్కడి వాతావరణశాఖ తన సూచనలలో ‘టోర్నడో’ అనే మాటనే వాడనీయలేదు. 1948 మార్చి 20న ఓక్లహామాలోని టింకర్ వైమానిక స్థావరాన్ని టోర్నడో తాకింది. ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు సైనికాధికారులు ఆనాటి వాతావరణ లక్షణాలను పరిశీలించారు. అయిదు రోజులకే అవే లక్షణాలు కనిపించగా ముందస్తు హెచ్చరిక చేశారు. విమానాలను భద్రపరిచారు. ఆ సాయంత్రమే టోర్నడో మళ్లీ వచ్చింది, ప్రాణనష్టం జరగలేదు.

నేడు డాప్లర్ రాడార్లు మేఘంలోని భ్రమణాన్ని కనిపెడుతున్నాయి. అయినా హెచ్చరికకూ విపత్తుకూ నడుమ ఉండే వ్యవధి సగటున పది పదిహేను నిమిషాలకు మించదు. 2011 మే 22న మిస్సోరిలోని జాప్లిన్ నగరంలో సైరన్లు ముందే మోగాయి. తరచుగా వినే మోతే కదా అని పలువురు వెంటనే తలదాచుకోలేదు. ఆనాడు 150 మందికి పైగా మరణించారు. గాలిని ఆపడం మానవునికి అసాధ్యం. ఆ కొద్ది నిమిషాల విలువ తెలుసుకొని మెలగడమే అతనికి రక్ష.