మిరపాకు ముడత: జన్యువులు చెప్పే సంగతి

రైతు సోదరులారా! మిద్దెమీద కుండీలలో మిరప పెంచే మియాపూర్ సోదరీమణులారా! మిరపాకు ముడుచుకొన్నదనగానే మందు డబ్బా వెదుకుతాము. కాని ముడతలన్నీ ఒకటి కావు. తామరపురుగు రసం పీల్చితే ఆకు అంచులు పైకి ముడుచుకొంటాయి. నల్లి పీల్చితే కిందికి ముడుచుకొంటాయి. ఈ రెంటికీ మందు కలదు. మూడవది వైరసు ముడత. ఆకులు చిన్నవై, పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మొక్క గిడసబారుతుంది. దీనిని నయంచేసే మందు నేటికీ లేదు. తెగులేదో తెలియక చల్లిన మందు అప్పు పెంచుతుందేగాని కాయ పెంచదు.

ఈ ముడత తెచ్చేవి ముఖ్యంగా జెమినీ కుటుంబపు వైరసులు. జెమినీ అనగా కవలలు. కవల అరటిపండువలె రెండు రేణువులు అతుక్కొని వుంటాయి గనుక ఆ పేరు. వీటిని మొక్కనుండి మొక్కకు మోసేది తెల్లదోమ. వైరసు వంశలక్షణాలు రాసివున్న పత్రం, అంటే డి.ఎన్.ఎ., సుమారు 2,700 అక్షరాలు. మిరప మొక్కది 300 కోట్లకు పైమాటేనని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మరి అంత చిన్నది ఇంత మొక్కను ఎట్లా లొంగదీస్తుంది? దానివెంట తరచు బీటా శాటిలైట్ అనే తోడుదొంగ వస్తుంది. అందులోని ఒక్క జన్యువు మొక్క ఆత్మరక్షణను అణచి, ముడతను ముదరబెడుతుంది.

ముడతలో ఏ వైరసు వున్నదో కంటికి తెలియదు. ఆకుముక్క నూరి, డి.ఎన్.ఎ. వేరుచేసి, పి.సి.ఆర్. పరీక్షలో దానికి లక్షలాది నకళ్ళు తీసి, అక్షరాలను పాత నమూనాలతో పోలుస్తారు. నూటికి 91 వంతులు కలిస్తే పాత జాతి, లేకుంటే కొత్తది. ఇట్లా చదువగా టమాటా పేరున్న వైరసులు కూడా మిరపలో కనబడినవి. పైగా రెండు వైరసులు ఒకే మొక్కలో చేరితే ముక్కలు మార్చుకొని కొత్త రూపు దాల్చగలవు. అందుకే ఒకచోట తట్టుకొన్న వంగడం మరొకచోట లొంగిపోవచ్చు. మియాపూర్‌కు పడమట, పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలోని ప్రపంచ కూరగాయల కేంద్రంవారు ఇట్టి వంగడాలపై పరిశోధన సాగించారు.

అందాక మనం చేయవలసినదేమి? నారుమడిపై సన్నని నైలాను వల కప్పండి. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేయండి. పసుపు జిగురు అట్టలు కట్టండి. టమాటా పక్కన మిరప నాటవద్దు. మొదట్లోనే ముడత సోకిన మొక్కను పీకి కాల్చివేయండి. కుండీలో ఒక్క మొక్కే వున్నా సరే, మొగమాటపడవద్దు. ఏ ముడతైనా ముందు ఆకు తిరగేసి చూడండి. పిమ్మటనే డబ్బా మూత తీయండి.