గోధుమా పాలూ లేని పలహారపు చెక్క

బడిగంట ఎనిమిదిన్నరకు మ్రోగుతుంది. ఏడున్నరకు పిల్లవాడు బూట్లు తొడుగుకొంటూ ఉంటాడు. ఆ మధ్యకాలంలో కడుపుకు ఆనేది ఏదో ఒకటి వాని చేత తినిపించడం ప్రతి ఇంటా జరిగే తంతే. ఇడ్లీ ఉన్న రోజున చింత లేదు. పిండి పులియని రోజున, ప్రయాణపు రోజున, తల్లికి ఒంట్లో బాగుండని రోజున రొట్టెముక్కో, బిస్కట్లో, బొంబాయిరవ్వ ఉప్మానో ఆదుకొంటవి. మా ఇంట ఈ మూడింటికీ తావు లేదు. మూడేళ్ళ క్రిందట మా ఇంటి పిల్లవానికి గోధుమ పడదని వైద్యులు నిర్ణయించారు. నాటి నుండి మా వంటింట జరిగిన ప్రయత్నాలలో ఒకటి నిలిచింది. దానిని గూర్చి ఈ నాలుగు మాటలు.

ముందుగా వ్యాధి సంగతి. దాని పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. ఈ వ్యాధి కలవారు దానిని తిన్నప్పుడల్లా వారి శరీరం తన చిన్నప్రేగు మీద తానే దండెత్తుతుంది. ప్రేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ నూగు వలె సన్నని మొనలు ఉంటవి. తిన్నదాని సారం రక్తంలో చేరడానికి అవే ముఖ్యమైన ద్వారాలు. ఆ మొనలు అరిగి చదునైపోతవి. ఇక బిడ్డ ఎంత తిన్నా ఎదగడు. పాలిపోయిన ముఖం, ఉబ్బిన పొట్ట, తరచు విరేచనాలు. ఇవి మేము కళ్ళారా చూచినవే. గోధుమకూ ఈ జబ్బుకూ గల సంబంధాన్ని నిలకడగా పరిశీలించి చెప్పినవారు హాలండు దేశపు పిల్లల వైద్యులు విల్లెం కారెల్ డికె. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944–45 చలికాలంలో, ఆ దేశంలో తీవ్రమైన కరవు వచ్చి రొట్టె దొరకకుండా పోయినది. లోకమంతా చిక్కిపోతూ ఉంటే ఈ జబ్బు గల పిల్లలు మాత్రం కోలుకొన్నారు. అంతకు ముందు నుండే గోధుమ మీద అనుమానం ఉన్న డికెకు ఆ అనుభవం బలమిచ్చినది. 1950లో ఆయన తమ పరిశోధనను సిద్ధాంతగ్రంథంగా సమర్పించారు. ఆ ధాన్యాలను జీవితాంతం విడిచిపెట్టడమే నేటికీ దీనికి చికిత్స.

మన దేశంలో ఈ వ్యాధి గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిన హెచ్చు, దక్షిణాదిన తక్కువ. అన్నం తినే మన ఇళ్ళలో దీనిమీద అనుమానం త్వరగా పోదు. మా వాని విషయంలో రెండేళ్ళు నులిపురుగుల మందులతోనే గడచిపోయినవి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అనుమానం కలిగిన వెంటనే గోధుమ మానిపించి, తరువాత పరీక్షకు పోరాదు. ఈ వ్యాధిని పసిగట్టే రక్తపరీక్ష, రోగి గోధుమ తింటూ ఉన్నప్పుడే సరిగా పలుకుతుంది. మానివేసిన కొద్ది నెలలకు జబ్బు ఉన్నా లేనట్లే కనబడవచ్చును. ముందు పరీక్ష, ఆ తరువాతనే పథ్యం.

పాలు ఎందుకు మానవలసి వచ్చినదని అడుగుతారేమో. పాలలోని చక్కెరను అరిగించే రసం తయారయ్యేది ఆ ప్రేగు మొనల మీదనే. మొనలు అరిగితే పాలూ పడవు. గోధుమ మానిన కొన్ని నెలలకు మొనలు మరల మొలకెత్తిన తరువాత పెక్కుమందికి పాలు పడతవి. మా వానికి ఎనిమిది నెలలు పట్టినది. గుడ్డు మా ఇంట అలవాటు లేదు. ఈ విధంగా, కోరకుండానే మేము ‘వీగన్’ వంటకు చేరుకొన్నాము. ఇంగ్లండులో 1944లో డొనాల్డ్ వాట్సన్, కొందరు మిత్రులు కలిసి పాలూ గుడ్లూ కూడ విడిచిన శాకాహారానికి ఆ పేరు పెట్టారు. నెయ్యి చుక్క లేని శాకాహారమంటే మన పెద్దలకు వింతగానే తోచును. మా ఇంట పెద్దావిడ మొదట విన్నప్పుడు, ఇంకా ఉపవాసమే ఉండరాదా అన్నది. వీగన్ వంటలో తేనె సైతం పనికిరాదు.

అంగళ్ళలో ఇటువంటి పట్టీలు దొరుకుతవి. వెల ఎక్కువ, అట్ట వెనుక చదివితే తీపిపదార్థాలే నాలుగైదు పేర్లతో కనబడతవి. ఇంట చేసుకోవలెనని కూర్చున్నాము. కూర్చున్న తరువాత తెలిసినది, కష్టమంతా ఒక్కచోట ఉన్నదని: ఆ ముక్కను విరిగిపోకుండా పట్టి ఉంచేది ఏది?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. గోధుమపిండిని చపాతీముద్ద వలె కలిపి, అరగంట ఉంచి, నీటిధార క్రింద పిసుకుతూ కడగండి. తెల్లని గంజి అంతా పోయి, చివరకు చేతిలో రబ్బరు వంటి ముద్ద మిగులుతుంది. చాలవరకు గ్లూటెన్ అంటే అదే. పూరీ పొంగేందుకు, చపాతీ చిరగకుండా సాగేందుకు, రొట్టె గుల్లబారి నిలిచేందుకు కారణం ఆ సాగే గుణమే. రాగిపిండిలో గాని, జొన్నపిండిలో గాని అది లేదు. జొన్నరొట్టెను వేడినీటితో కలిపి, అరచేతితో తట్టడంలోని రహస్యం అదే. వేడినీటికి పిండిలోని గంజి కొంత ఉడికి, ఆ జిగురే రొట్టెను నిలుపుతుంది.

నిజానికి గోధుమా పాలూ లేని చెక్క మనకు కొత్త కాదు. వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క ఎన్ని తరాల నుండి చేస్తున్నామో! నెయ్యి రాసిన పళ్ళెంలో పోయడం ఒక్కటే అడ్డు. నూనె రాస్తే ఆ అడ్డూ తొలగుతుంది. ఇక దానితోనే సరిపెట్టుకోరాదా? అక్కడ ముక్కను పట్టి ఉంచేది ముదురుపాకం. పాకం పట్టు ఇవ్వవలెనంటే బెల్లం పప్పుతో సమానంగానో, కొంచెమే తక్కువగానో పడవలెను. పండుగకు ఒక ముక్క ముచ్చటే. ప్రతి ఉదయమూ యాభై గ్రాముల చెక్కలో పాతిక గ్రాముల బెల్లం పిల్లవానికి పెట్టడం మాకు ఇష్టం లేకపోయినది. అనకాపల్లి బెల్లమైనా, మరే ఊరి బెల్లమైనా, అందులో అత్యధిక భాగం చక్కెరే.

కనుక పాకం చేసే పనిని మరికొన్నింటికి పంచవలసి వచ్చినది. అవిసె గింజల పొడిని నీటిలో నానవేస్తే పావుగంటలో గుడ్డుసొన వలె జిగురు వస్తుంది. నానిన ఖర్జూరం నూరితే జిగటముద్ద అవుతుంది. ఈ రెండూ కలిసి పట్టుకొంటే, ఓవెను వేడి నెమ్మదిగా తడిని లాగివేసి, ముక్కను గట్టిపరుస్తుంది. పొయ్యి మీద పాకం నిలువక, కాల్చడం దాకా పోయినది ఇందుకొరకే.

కొలతలు వ్రాసుకొనేందుకు వీలుగా చెప్పుతాము. రాగిపిండి 100 గ్రాములు. రాగులనే చోళ్ళు అనీ, తైదలు అనీ కూడ అంటారు. జొన్న అటుకులు 100 గ్రాములు. వేరుశనగపప్పు 75, పొట్టు తీయని నువ్వులు 50. గింజ తీసిన ఖర్జూరం 120, బెల్లం 60. అవిసె గింజల పొడి రెండు పెద్ద చెంచాలు, గానుగ నువ్వులనూనె మూడు పెద్ద చెంచాలు. చిటికెడు ఉప్పు, కొంచెం ఏలకుల పొడి, శొంఠి.

ఖర్జూరాన్ని 60 మిల్లీలీటర్ల వేడినీటిలో అరగంట నానవేసి, ఆ నీటితోనే మెత్తగా నూరుకోవలెను. అవిసెపొడిని ఆరు పెద్ద చెంచాల నీటిలో కలిపి ప్రక్కన ఉంచవలెను. రాగిపిండిని సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించడం తప్పనిసరి. ఈ ఒక్కటి బద్ధకించిన నాడు చెక్క అంతా పచ్చిపిండి వాసన కొట్టినది. పిల్లవాడు నోట పెట్టలేదు. అటుకులు, నువ్వులు, వేరుశనగలు కూడ వేరువేరుగా వేయించుకొని, వేరుశనగలను పొట్టు ఊది కచ్చాపచ్చాగా దంచవలెను. బెల్లాన్ని 50 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, ఇసుక పోయేటట్లు వడగట్టితే చాలును. పాకం పట్టరాదు. తీగపాకం దాకా పోనిస్తే కాల్చిన తరువాత చెక్క రాయి అవుతుంది.

అన్నీ కలిపితే చలిమిడి కంటె కొంచెం గట్టిగా ముద్ద రావలెను. పొడిపొడిగా ఉంటే చెంచాడు నీరు చల్లుకోవచ్చును. ఎనిమిది అంగుళాల చదరపు రేకుపళ్ళానికి నూనె రాసి, కాగితం పరచి, ముద్దను అందులో వేసి, తడిచేసిన గిన్నె అడుగుతో గట్టిగా అదమవలెను. ఎంత అదిమితే అంత పట్టు. కత్తితో పన్నెండు ముక్కలుగా గీట్లు పెట్టి, ముందే వేడెక్కిన ఓవెనులో 170 సెంటీగ్రేడు డిగ్రీల మీద 25 నిమిషాలు ఉంచవలెను. అంచులు కొంచెం ఎరుపెక్కితే అయినట్లే. తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది. చెడినదని మరల లోపల పెట్టరాదు. పూర్తిగా చల్లారే దాకా, అంటే గంటన్నర, చేయి తగలనీయరాదు. మొదటిసారి మేము ఆగలేక వేడిమీద కోసి, పళ్ళెం నిండా పొడి చేసుకొన్నాము. ఆ పొడినే అరటిపండుతో కలిపి తిన్నాము.

ఓవెను లేనివారు మందపాటి అడుగు గల పెద్ద గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోసి, చిన్న కుదురు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, అందులో పళ్ళెం ఉంచి సన్నసెగ మీద 35 నుండి 40 నిమిషాలు కాల్చవచ్చును. పైన ఎరుపు రాదు గాని రుచికి లోటు లేదు.

ఇంతవరకు చేయి తిరిగినవారెవరైనా చేయగలరు. మమ్మల్ని దెబ్బతీసినది వేరొకటి. రెండు నెలలు ఈ చెక్క చేసి పెట్టాము, ఇంట గోధుమ గింజ లేదు. అయినా పిల్లవానికి కడుపునొప్పి పోలేదు, రక్తపరీక్ష అంకెలు దిగలేదు. తప్పు ఎక్కడ ఉన్నదో వెదకి వెదకి చివరకు పిండిమర దగ్గర పట్టుకొన్నాము. వరుసలో మా ముందువారి గోధుమలు ఆడిన మరలోనే మా రాగులు పోస్తున్నారు. మరలో చిక్కుకొన్న పిండి మా డబ్బాలోకే వచ్చేది. మరవారిని తప్పుపట్టలేము, వారికి మేము చెప్పినది లేదు. నాటి నుండి రాగులు ఇంటి మిక్సీలోనే పట్టి జల్లించుకొంటున్నాము.

ఎంత కొద్దిదైనా కీడే అనడానికి ఒక కొలత ఉన్నది. ఆహారపదార్థం మీద ‘గ్లూటెన్ రహితం’ అని ముద్రించవలెనంటే, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు నిబంధన. జొన్న అటుకులు కొనేటప్పుడు ఆ మాట చూచి కొనవలెను. ఓట్స్ అయితే మరీ ముఖ్యం, ఏమంటే అవి తరచు గోధుమతో పాటే పండి, గోధుమతో పాటే మరలలో ఆడతవి. చపాతీల పీట, అప్పడాల కర్ర, పిండి జల్లెడ వీనిని ఈ వంటకు తాకనీయరాదు. ఇంగువ సంగతి చాలామందికి తెలియదు. అంగడిలో దొరికే కూటు ఇంగువలో తరచు గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. చారులో చిటికెడు ఇంగువ, ఏడాది పథ్యాన్ని చెరచగలదు. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి తీరవలెను.

ఈ చెక్కకు లేని గొప్ప అంటగట్టడం మాకు ఇష్టం లేదు. లెక్క వేస్తే ముక్కకు బెల్లం అయిదు గ్రాములు, ఖర్జూరం పది గ్రాములు. రెండింటి తీపీ కలిపి సుమారు పన్నెండు గ్రాముల చక్కెర. పాకం చెక్కలో సగమే గాని, ఏమీ లేదనరాదు. రాగులలో సున్నం ఎక్కువన్నది నిజమే: 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు, ఆవుపాలలో 120 చిల్లర. అయితే ఒక ముక్కలో ఉన్న రాగిపిండి ఎనిమిది గ్రాములే. పాల గ్లాసుకు దానిని సాటి అనుకోరాదు. పాలు పూర్తిగా మానినవారు బి12 విటమిను కొరకు వైద్యుని అడిగి మాత్రలు వాడవలెను; ఏ పప్పూ, ఏ ధాన్యమూ ఆ లోటు తీర్చదు. జబ్బు లేనివారు గోధుమ మానినందువలన ప్రత్యేకంగా కలిగే బలమేమీ లేదు. వారు ఈ చెక్కను రుచి కొరకు తింటే మాకు సంతోషమే. నువ్వులు, వేరుశనగలు పడని పిల్లలు కొందరుంటారు గనుక, పొరుగుపిల్లలకు పెట్టేముందు వారి తల్లిని అడగడం మంచిది. నాలుగేళ్ళ లోపు పసివారికి పలుకులు గొంతుకు అడ్డుపడతవి. వారికొరకు వేరుశనగలను పొడిచేసి కలుపుకోవలెను.

గాలి చొరని డబ్బాలో నాలుగైదు రోజులు నిలువ ఉంటుంది. సముద్రపుగాలి తగిలే ఊళ్ళలో వానాకాలం మూడవనాటికే మెత్తబడుతుంది. అప్పుడు ఫ్రిజ్జిలో పెట్టుకోవచ్చును. మెత్తబడినదానిని పెనం మీద రెండు వైపులా ఒక్క నిమిషం వేడిచేస్తే మరల కరకరలాడును. ఆ పెనం మాత్రం చపాతీలు కాల్చేది కాకూడదు.