తాత చేతక్‌కు ఎంత పెట్టొచ్చు?

మా తాత బజాజ్ చేతక్ 1991 బండి. ఏడాదిన్నరగా కారఖానా గోడ పక్కన కదలకుండా ఉంది. దాన్ని బాగు చేయించాలా, భంగార్‌కు వెయ్యాలా, చేయిస్తే ఎంతవరకు పెట్టాలి అని మా ఇంట్లో నెలరోజులు మాటలు నడిచినయి. సాకర్‌పేట, అశోక్ చౌక్, దాజీపేట... మనవాళ్లుండే ఏ వాడకు పోయినా ఇలాంటి పాత బండి ఒకటి కనిపిస్తుంది. అందుకే మేము వేసుకున్న లెక్క ఇక్కడ రాస్తున్నాను.

చేతక్ 1972లో మొదలైంది. రాణా ప్రతాప్ గుర్రం పేరు దానికి పెట్టారు. ఒకప్పుడు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లట. ఆ పాత స్కూటర్ల తయారీ 2000ల మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో వస్తున్నది కరెంటు బండి. అంటే పాతదానికి అసలు సామాను దొరకడం ఏటేటా కష్టమవుతుంది. ఖర్చు పెరగడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం మన మాటల్లోనే ఉంది. “బాగు చేయించాలి” అని అందరం అంటాం కానీ ఒక్కొక్కరి మనసులో ఒక్కో పని ఉంటుంది. తెలుగులో దీనికి మూడు మాటలున్నాయి. ఉర్దూ నుంచి వచ్చిన మరమ్మతు అంటే నడిచేటట్టు చేయడం. బాగుచేత అంటే నడవడమే కాదు, చూడ్డానికి కూడా నీటుగా ఉండాలి. గుళ్ల విషయంలో వాడే జీర్ణోద్ధరణ అంటే మొదట ఎట్లుండెనో అట్లనే నిలబెట్టడం. మా నాయనది మొదటి మాట, నాది రెండోది, తాతది మూడోది. ముగ్గురం ఒకే పని గురించి మాట్లాడుతున్నామనుకున్నంతసేపూ లెక్క కుదరలేదు.

మిస్త్రీ చెప్పిన ధరలను ఈ మూడు మాటల కింద విడగొట్టి రాశాను. మరమ్మతు: ఇంజన్ బోరు, పిస్టన్, క్లచ్ ప్లేట్లు, కూలీతో కలిపి 5,800, బ్రేకులు, కేబుళ్లు 900, రెండు టైర్లు, ట్యూబులు 2,400, అడుగు రేకు వెల్డింగ్ 2,200. మొత్తం 11,300 రూపాయలు. బాగుచేతకు దానిమీద రంగు, సీటు, రబ్బరు మ్యాట్లు కలిపి 8,300. జీర్ణోద్ధరణకు అసలు మీటరు, హెడ్‌లైటు రింగు, పేరు బిళ్ల వెతికి తేవాలంటే ఇంకో 9,000. అవి దొరికితేనే!

డబ్బు సంగతి కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. అది మగ్గం దగ్గర మనకు తెలిసిందే. పవర్‌లూమ్‌కు షటిల్, పికర్, బెల్టు అరుగుతుంటాయి, మారుస్తుంటాం. పోత ఇనుము చట్రం పగిలితే మాత్రం ఆ మగ్గం కిలోల లెక్కన పోవాల్సిందే. చేతక్‌కు మోటార్‌సైకిల్ లాగ విడిగా గొట్టాల చట్రం ఉండదు. ఒంటి రేకే దాని చట్రం. కాబట్టి కాళ్లు పెట్టే అడుగు రేకు తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బలానికి సంబంధించింది. మ్యాటు తీసి స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. మొద్దు చప్పుడు వచ్చి పొడి రాలితే అక్కడ రేకు పోయినట్టే. మా బండికి బ్రేకు కింద జానెడు మేర పోయింది, మిగతాది గట్టిగా ఉంది. సగం పోయి ఉంటే లెక్క అక్కడితోనే ఆపేవాళ్లం.

తర్వాత కాగితాలు. రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి కొత్త చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి రెండు చక్రాల బండికి ఈ ఫీజు 300 నుంచి 1,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన బండికి అంతకంటే ఎక్కువే. పర్యావరణ పన్ను, ఇన్సూరెన్సు వేరే. అన్నిటికీ కలిపి 5,000 పక్కన పెట్టుకున్నాం. రంగు లేకున్నా బండి నడుస్తుంది, కాగితాలు లేకుంటే రోడ్డెక్కదు.

ఇక ఎంత పెట్టొచ్చు? బండి మనకు ఏం మిగులుస్తుందో చూస్తే తెలుస్తుంది. నాయన టవళ్ల గఠాణీలు వ్యాపారి దగ్గరికి వారానికి మూడుసార్లు ఆటోలో పంపుతాడు. ఒక్కసారికి 80. ఏడాదికి 12,480. చేతక్ మీద తీసుకుపోతే పెట్రోలు, అందులో కలిపే ఆయిలు వారానికి వంద, అంటే ఏడాదికి 5,200. మిగిలేది 7,280. మూడేళ్లయినా నడుస్తుందని మిస్త్రీ మాట. మూడేళ్లకు 21,840. అదే మా హద్దు.

మరమ్మతు, కాగితాలు కలిపితే 16,300. హద్దు లోపలే ఉంది. బాగుచేత కలిపితే 24,600. దాటిపోయింది. మధ్యలో మిగిలే ఐదున్నర వేలు రంగుకు ఇవ్వొచ్చు కదా అని నేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “ఇంజన్ ఇప్పినంక ఇంకేం బయటపడ్తదో ఎవరికెరుక? గవి చేతిల ఉండనీ” అంది. పాతవాటిలో దాగిన ఖర్చు ఉంటుందనేది బీడీల పైసలు లెక్కపెట్టే అమ్మకు నాకంటే బాగా తెలుసు. ఆమె భిశి పైసలు చెల్లె ఫీజుకు. వాటి జోలికి పోవద్దని అందరం ముందే అనుకున్నాం.

మరి తాత మమకారం? దానికీ విలువ ఉంది. ముప్పై ఏళ్లు ఆ బండి మీదే నూలు మోసి ఇల్లు నడిపాడు. అయితే మమకారం ఖర్చు, అవసరం ఖర్చు ఒకే పద్దులో రాస్తే రెండూ తెలియకుండా పోతాయి. అందుకే దానికి వేరే డబ్బా పెట్టాం. ఆటో కిరాయి మిగిలిన వారం అందులో యాభై పడుతుంది. ఇప్పటికి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూస్తున్నాం, నీలి రంగు డబ్బా నిండినప్పుడు. “నేనుండంగనే నిండాలె” అని తాత షరతు పెట్టాడు. అందుకని యాభై కాస్తా డెబ్బై అయింది.

కుట్టు మిషను, గ్రైండరు, తాత గడియారం... మీ ఇంట్లో ఏది పాతబడినా ఈ వరసలోనే అడగండి: మనం అంటున్నది మూడు మాటల్లో ఏది? చట్రం గట్టిగా ఉందా? అది ఏడాదికి ఏం మిగులుస్తుంది? మమకారానికి పైసలు ఏ డబ్బాలోంచి వస్తున్నయి? మిస్త్రీని పిలవడం ఆ తర్వాతే.