ఖాళీ అరలకు సుంకాలే కారణమా?

అమెరికాలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో 2025 వేసవి నుండి ఒకే రకం వీడియోలు తిరుగుతున్నాయి. ఏదో ఒక డాలర్ స్టోర్, బోసిపోయిన ఇనుప అరలు. ఫోన్ పట్టుకున్న మనిషి ఒక వరుస నుండి మరో వరుసకు నడుస్తూ ఇదంతా ట్రంప్ సుంకాల ఫలితమని చెబుతుంటాడు. ఆ వీడియో డాలస్ నుండి గుంటూరుకు చేరేసరికి దాని కింద ఇంకో వాక్యం కలుస్తుంది: మూడవ ముద్ర విప్పబడింది, కరువు మొదలైంది, సిద్ధపడండి. కొన్నిచోట్ల ఇది ఆదివారం ప్రసంగంలోకి కూడా ఎక్కింది. ఇందులో నిజమెంత అని కొందరు పాఠకులు మమ్మల్ని అడిగారు.

ఆ అరలు ఖాళీగా ఉన్న మాట చాలావరకు నిజం. వాటిని సుంకాలే ఖాళీ చేశాయన్న మాట చాలావరకు నిజం కాదు. అలాగని సుంకాల వల్ల బీదలకు నష్టమేమీ లేదంటే అదీ అబద్ధమే. ఈ మూడింటినీ ఒక ఫార్వర్డ్ మెసేజ్‌లో ఇరికించడం కుదరదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు సుంకం సంగతి. సుంకం అంటే దిగుమతి పన్ను. చైనా మీద సుంకం వేశారంటే ఆ డబ్బు చైనా కడుతుందని చాలామంది అనుకుంటారు. కట్టేది సరుకు తెప్పించుకునే అమెరికా కంపెనీ. సరుకు ఓడరేవులో దిగినప్పుడు అమెరికా కస్టమ్స్ శాఖకు ఆ కంపెనీయే చెల్లించాలి. ఆ తర్వాత ఆ భారాన్ని అమ్మినవాడు కొంత, కొన్నవాడు కొంత, చివరికి దుకాణానికి వచ్చే ఇల్లాలు కొంత మోస్తారు. ఎవరి వాటా ఎంత అన్నది ఎవరికి బేరమాడే బలం ఎక్కువ ఉందో దాన్ని బట్టి తేలుతుంది. ఆ వరుసలో అందరికంటే తక్కువ బలం ఎవరిదో చెప్పనక్కర లేదు.

2025 ఏప్రిల్ 2న అధ్యక్షుడు ట్రంప్ దాదాపు అన్ని దేశాల సరుకులపైనా కొత్త సుంకాలు ప్రకటించారు. చైనా ఎదురు సుంకాలు వేసింది, వారం రోజుల్లో చైనా సరుకుల మీద అమెరికా సుంకం 145 శాతానికి ఎక్కింది. ఆ నెల 21న వాల్‌మార్ట్, టార్గెట్, హోమ్ డిపో అధిపతులు వైట్ హౌస్‌కు వెళ్ళి ఆయనను కలిశారు. ఇలాగే సాగితే కొన్ని వారాల్లో అరలు ఖాళీ అవుతాయని వారు హెచ్చరించినట్టు వార్తలు వచ్చాయి. చైనా సరుకు ఎక్కువగా దిగే లాస్ ఏంజెలెస్ ఓడరేవు అధిపతి కూడా మే మొదటి వారాల్లో దిగుమతులు మూడో వంతుకు పైగా పడిపోవచ్చని చెప్పారు. కాబట్టి ఆ భయం ఎవరో పుట్టించిన పుకారు కాదు. వ్యాపారం తెలిసినవారే భయపడ్డారు.

కానీ వారు భయపడింది జరగలేదు. మే 12న అమెరికా, చైనా జెనీవాలో రాజీకి వచ్చి 145 శాతాన్ని 30కి దించాయి. పైగా సుంకాలు రాబోతున్నాయని ముందే పసిగట్టిన కంపెనీలు సంవత్సరం మొదటి నెలల్లోనే సరుకు తెప్పించి గిడ్డంగులు నింపుకున్నాయి. మే నెలలో ఓడలు నిజంగానే తగ్గాయి, అయితే గిడ్డంగుల్లో ఉన్న సరుకు ఆ లోటును పూడ్చింది. తర్వాత మళ్ళీ సుంకం పెరుగుతుందేమోనని అందరూ ఒక్కసారిగా ఆర్డర్లు పెట్టేసరికి, జూలైలో అదే లాస్ ఏంజెలెస్ రేవు తన చరిత్రలోనే ఎక్కువ సరుకు దించుకుంది. దించినవి, ఎక్కించినవి అన్నీ కలిపి ఇరవై అడుగుల కంటైనర్ల లెక్కన 10 లక్షలు దాటింది. కరువు వచ్చిందని మనం ఫార్వర్డ్ చేస్తున్న వేసవిలోనే ఆ రేవులో క్రేన్లకు తీరిక లేదు.

మరి ఆ వీడియోల్లోని ఖాళీ అరల మాటేమిటి?

వాటిలో చాలా భాగం మూతపడుతున్న దుకాణాలవి. 99 సెంట్స్ ఓన్లీ అనే గొలుసు 2024 ఏప్రిల్‌లో తన 371 దుకాణాలనూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. బిగ్ లాట్స్ 2024 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. డాలర్ ట్రీ కంపెనీ 2015లో ఫ్యామిలీ డాలర్‌ను 8 బిలియన్ డాలర్లకు పైగా పోసి కొని, పదేళ్ళు తంటాలు పడి, 2025లో దాదాపు 1 బిలియన్‌కు వదిలించుకుంది. మధ్యలో 2024 మార్చిలో దాదాపు వెయ్యి దుకాణాలు మూసే ప్రణాళిక ప్రకటించింది. ఈ తేదీలను ఒక్కసారి గమనించండి: మూసివేత నిర్ణయాలన్నీ 2025 ఏప్రిల్ కంటే ముందువే. అప్పులు, పెరిగిన అద్దెలు, దొంగతనాలు, వాల్‌మార్ట్‌తో పోటీ, చైనా నుండి నేరుగా ఇంటికే పంపే టెము, షీన్ వంటి యాప్‌లు అసలు కారణాలు. మూసే దుకాణంలో సరుకు నిండుగా ఉంటుందని ఎవరూ అనుకోరు. కానీ వీడియో తీసినవాడు తలుపు మీద అంటించిన మూసివేత నోటీసును చూపించడు.

రెండో కారణం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. డాలర్ జనరల్‌కు 20 వేలకు పైగా దుకాణాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం 20 వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊళ్ళలో. వేల అడుగుల దుకాణాన్ని చాలాసార్లు ఇద్దరే నడుపుతారు, ఒక్కోసారి ఒక్కరే. బిల్లు కొట్టాలి, నేల తుడవాలి, లారీ వస్తే సరుకు దించాలి, అరల్లో సర్దాలి. లారీ సమయానికే వస్తుంది, కానీ సర్దే చేతులు చాలవు. అట్టపెట్టెలు చక్రాల బండ్ల మీదే ఉండిపోయి వెనక గదిని, నడిచే దారులను, చివరికి అగ్నిప్రమాదం జరిగితే బయటపడాల్సిన తలుపులను కూడా మూసేస్తాయి. ఈ అడ్డంకుల వల్ల కార్మికులు ప్రమాదంలో ఉన్నారని అమెరికా కార్మిక శాఖ ఆ కంపెనీకి ఏళ్ళ తరబడి జరిమానాలు వేసింది. చివరికి 2024 జూలైలో కంపెనీ 12 మిలియన్ డాలర్లకు రాజీపడింది. దుకాణాల్లో సరుకు పోగుపడకుండా చూస్తామని ఆ ఒప్పందంలో మాట ఇచ్చింది. అంటే ముందు అర ఖాళీ, పది అడుగుల వెనక సరుకు గుట్ట. దీనికి చైనాతో సంబంధం లేదు. ఇద్దరి కూలితో ఐదుగురి పని చేయించుకోవాలన్న యజమాని లెక్కతో సంబంధం ఉంది. యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయంలో పనివారి కూలి గురించి రాసింది చదివి ఈ దుకాణాల వైపు చూస్తే, వీడియోలో కనిపించని ఒక మనిషి కనిపిస్తుంది.

ఇంకా విడి విడి కారణాలున్నాయి. 2025 మార్చిలో గుడ్ల అరలు ఖాళీ అయ్యాయి, డజను సగటు ధర 6 డాలర్లు దాటింది. అది బర్డ్ ఫ్లూ వల్ల. జూన్‌లో హోల్ ఫుడ్స్ దుకాణాల్లో అరలు బోసిపోయాయి. వాటికి సరుకు పంపే సంస్థ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. అక్టోబర్ 1 నుండి నవంబర్ 12 వరకు అమెరికా ప్రభుత్వం మూతపడినప్పుడు, ఆహార సహాయం పొందే దాదాపు 4 కోట్ల 20 లక్షల మందిలో చాలామందికి నవంబర్ సొమ్ము సమయానికి అందలేదు. ఆ రోజుల్లో అరలు నిండుగానే ఉన్నాయి, కొనేవారి కార్డులు ఖాళీగా ఉన్నాయి.

ఇక సుంకాలు నిజంగా చేసినదేమిటో చూద్దాం. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 1.25 డాలర్లకు అమ్మే ఒక ప్లాస్టిక్ బొమ్మ అమెరికా రేవుకు 50 సెంట్లకు వస్తుందనుకోండి. 145 శాతం సుంకమైతే 72 సెంట్ల పైన పన్ను, మొత్తం 1.22. అద్దె, జీతాలు, కరెంటుకు మిగిలేది రెండు మూడు సెంట్లు. ఏ దుకాణమూ దాన్ని తెప్పించదు. ఆ రేటే నిలిచి ఉంటే అరలు నిజంగా ఖాళీ అయ్యేవి. 30 శాతమైతే పన్ను 15 సెంట్లు, బొమ్మ 65 సెంట్లు పడుతుంది. అమ్మవచ్చు గానీ లాభం తగ్గుతుంది. పెద్ద దుకాణమైతే పది సెంట్లు ధర పెంచి ఊరుకుంటుంది. ఒకే ధర మీద పేరు తెచ్చుకున్న దుకాణానికి ఆ వీలు తక్కువ. అందుకే అది ఇతర దారులు వెతుకుతుంది. పన్నెండు ఉండే ప్యాకెట్‌లో పది పెడుతుంది, మందం తగ్గిస్తుంది, చైనా బదులు వియత్నాం నుండి తెప్పిస్తుంది, లాభం లేని వస్తువును ఆపేస్తుంది. ఇవేవీ కుదరకపోతే ధర పెంచుతుంది. డాలర్ ట్రీ మూడు దశాబ్దాలకు పైగా కాపాడుకున్న ఒక డాలర్ ధరను 2021 చివర్లోనే 1.25 చేసింది. అప్పటి కారణం వేరు. 2025లో కొన్ని దుకాణాల్లో 1.25 మీద 1.50 స్టిక్కర్లు కనిపించాయి. మూడు, ఐదు డాలర్ల వస్తువులు అరల్లో చోటు పెంచుకుంటున్నాయి.

కొలపాత్రను చిన్నది చేసి ధరను పెద్దది చేసే వర్తకులను ఆమోసు ప్రవక్త తన ఎనిమిదవ అధ్యాయంలో గద్దించాడు. ఆయన కాలంలో అది త్రాసు దగ్గర జరిగే మోసం. ఇప్పుడు ప్యాకెట్ మీద బరువు చిన్న అక్షరాలతో చట్టప్రకారం అచ్చువేసే ఉంటుంది, చదివే తీరిక ఉన్నవాడు చదువుకోవచ్చు. చట్టం ఒప్పుకుంది కదా అని ఆమోసు ఒప్పుకునేవాడా అన్నది నాకు అనుమానమే.

సుంకాలు ధరలను తాకవని వాదించేవారికి ప్రభుత్వమే ఒక జవాబు ఇచ్చింది. 2025 నవంబర్ 14న కాఫీ, టీ, అరటిపండ్లు, గొడ్డుమాంసం, టమాటాలు, మసాలా దినుసులు వంటివాటిని ఈ సుంకాల నుండి తప్పించింది. సుంకం వల్ల ధర పెరగకపోతే తప్పించాల్సిన పనే లేదు.

ఇప్పుడు ప్రకటన గ్రంథం ఆరవ అధ్యాయం. మూడవ ముద్ర విప్పినప్పుడు నల్లని గుఱ్ఱం వస్తుంది, దాని మీద కూర్చున్నవాని చేతిలో త్రాసు ఉంటుంది. ఆ దర్శనాన్ని నెమ్మదిగా చదవండి. అక్కడ గోధుమలు ఉన్నాయి, యవలు కూడా ఉన్నాయి. నూనెకు, ద్రాక్షారసానికి హాని చేయవద్దన్న మాట కూడా వినిపిస్తుంది. కొట్టు ఖాళీ కాలేదు. ఒక దేనారం, అంటే కూలివాని ఒక రోజు కూలి, ఒక్క మనిషి తినే గోధుమలకే సరిపోతుంది. పెళ్ళాం బిడ్డలున్నవాడు యవలతో సరిపెట్టుకోవాలి. ధనవంతుని బల్ల మీది నూనె, ద్రాక్షారసం మాత్రం చెక్కుచెదరలేదు. ఖాళీ అర ఫోటో పెట్టి ఈ వచనాలను కింద రాసేవారు ఆ భాగాన్ని తలకిందులుగా చదువుతున్నారు. యోహాను చూసిన బాధ నిండు కొట్టు ముందు నిలబడ్డ బీదవానిది. అలాంటి దృశ్యాన్ని ఎవరూ వీడియో తీయరు, తీసినా అందులో చూడడానికేమీ ఉండదు. ఒక తల్లి వస్తువు చేతిలోకి తీసుకుని, స్టిక్కర్ చూసి, తిరిగి అరలో పెట్టేస్తుంది, అంతే.

భయపెట్టే ఫార్వర్డ్‌లు హాని చేయవనుకోకూడదు. 2020 మార్చిలో అమెరికాలో టాయిలెట్ పేపర్ అరలు ఖాళీ అయింది ముఖ్యంగా అందరూ ఒకేసారి ఎగబడి కొనడం వల్లనే. కారు, నిల్వ చేసుకునే గది, క్రెడిట్ కార్డు ఉన్నవారు ముందు కొనేశారు. వారం కూలి వచ్చాకే కొనగలిగినవారికి ఏమీ మిగల్లేదు. సిద్ధపడండి అని మనం పంపే మెసేజ్ ఎవరి వంతు లాక్కుంటుందో ఆలోచించాలి.

సుంకాల దెబ్బ మన వైపున కూడా పడింది, దానిని మాత్రం ఎవరూ వీడియోలు చేయడం లేదు. 2025 ఆగస్టు 7న భారత సరుకుల మీద 25 శాతం, 27న మరో 25 శాతం కలిపి 50 శాతం సుంకం వచ్చింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న సుంకాలు కూడా కలిస్తే 58 శాతం దాటింది. మన దేశం ఎగుమతి చేసే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది, వాటికి పెద్ద మార్కెట్ అమెరికా. భీమవరం పరిసరాల్లో చెరువు కౌలుకు తీసుకున్న రైతు, ప్రాసెసింగ్ ప్లాంటులో తలలు గిల్లే ఆడకూలీలు, వీరిలో మన సంఘ సభ్యులు చాలామంది ఉన్నారు. అమెరికాలో కొనేవాడు ఎక్కువ కట్టనంటే ఎగుమతిదారు రైతు దగ్గర ధర తగ్గిస్తాడు, రైతు పంట తగ్గిస్తే కూలీకి పని దినాలు తగ్గుతాయి. డాలర్ స్టోర్‌లో స్టిక్కర్ చూసి వస్తువు వదిలేసే తల్లి, ఇక్కడ షిఫ్టు దొరకని తల్లి ఒకే తాడుకు రెండు కొసల్లో ఉన్నారు.

అమెరికాలోని మన సంఘాలకు ఒక మాట. క్రిస్మస్ గిఫ్ట్ బాక్సులకు, సంఘ భోజన పంపిణీకి మీలో చాలామంది ఈ దుకాణాల్లోనే కొంటారు. అమ్మకపు పన్ను పక్కన పెడితే, 1.25 చొప్పున 100 డాలర్లకు 80 వస్తువులు వచ్చేవి. 1.50 చొప్పున 66 వస్తాయి. ఈసారి పోయిన ఏడాది మొత్తాన్నే మళ్ళీ కేటాయిస్తే, జాబితా చివర ఉన్న కొందరు పిల్లలకు పెట్టె ఉండదు. లెక్క చూసే పెద్దలు కొనుగోలుకు వెళ్ళే ముందే ఆ తేడాను కానుకలో చేర్చి సంఘానికి ప్రకటించాలని కోరుతున్నాం.