ఫ్యాక్టరీ పైపులోంచి రోజుకి ఎన్ని బస్తాల యూరియా?

పై వీడియోలో కనిపిస్తున్నది మా పొలం పక్క డ్రెయిన్. ఇది ఉప్పుటేరులో కలుస్తుంది, ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. వేసవి వచ్చిందంటే ఇందులో చేపలు చచ్చి తేలతాయి. పోటు సమయంలో నీళ్లు ఎదురు తంతాయి కాబట్టి మురుగు తొందరగా సముద్రంలోకి పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. ఎగువన ఉన్న ఫ్యాక్టరీ పైపు వల్లే ఇదంతా అని ఊళ్లో అందరం తిట్టుకుంటాం. ఎంత వదులుతున్నారో చెప్పమంటే మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు. అందుకే ఈసారి నేనే కూర్చుని లెక్క కట్టాను.

ఇలా నీళ్లు వదిలే యూనిట్‌కి 1974 జల చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఏ ఔట్‌లెట్ నుంచి రోజుకి ఎన్ని కిలోలీటర్లు వదలొచ్చు, లీటరుకి ఏది ఎన్ని మిల్లీగ్రాములు దాటకూడదు అనేది అందులో ఉంటుంది. ఈ షరతుల రిజిస్టరు మండలి దగ్గర ఉంటుందనీ, ఆ ఔట్‌లెట్ వల్ల ఇబ్బంది పడేవాళ్లెవరైనా వెళ్లి చూడొచ్చనీ అదే చట్టంలోని 25వ సెక్షన్ చెబుతోంది. నాకైతే మొన్నటిదాకా తెలీదు.

లెక్క చిన్నదే. కిలోలీటర్లని మిల్లీగ్రాములతో గుణించి వెయ్యితో భాగిస్తే, రోజుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. ఉదాహరణకి 500 కిలోలీటర్ల అనుమతి ఉన్న యూనిట్ తీసుకుందాం. కాలువలూ నదుల్లోకి వదిలే నీటికి మన దేశంలో ఉన్న సాధారణ పరిమితి, లీటరుకి బీఓడీ 30, అమ్మోనియా నత్రజని 50 మిల్లీగ్రాములు. అంటే రోజుకి 15 కిలోల బీఓడీ. లీటరుకి 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్న నీళ్లలో అయితే, 30 లక్షల లీటర్లలో ఉన్నదంతా అది మింగేస్తుంది. చేపలు ఎందుకు తేలవు మరి!

నత్రజని రోజుకి 25 కిలోలు. మన భాషలో చెప్పాలంటే, 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అంటే రోజూ బస్తాకి పైనే డ్రెయిన్‌లో పోసినట్టు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 362 బస్తాలు. అదీ నిబంధనలన్నీ పాటించి, దర్జాగా!

ఒక్క జాగ్రత్త. ఇది అనుమతించిన గరిష్ఠం, నిజంగా వదిలింది కాదు. తక్కువ వదలొచ్చు, రాత్రిపూట ఎక్కువా వదలొచ్చు. పైగా డ్రెయిన్‌లో పడిందంతా మొగ దాకా చేరదు, దారిలో కొంత విరిగిపోతుంది. అసలు లెక్క కావాలంటే మీటరు రీడింగులు, నీటి పరీక్షల ఫలితాలు కావాలి.

అమెరికాలోని చీసపీక్ బేలో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేశారు. అక్కడ అనుమతి ఉన్న పెద్ద ప్లాంట్లు తాము వదిలిన నీటి వివరాలు క్రమంగా ప్రభుత్వానికి పంపాలి, జనం కూడా వాటిని చూడొచ్చు. 2010లో ఆ బేలోకి ఏడాదికి 18.59 కోట్ల పౌండ్లు, అంటే సుమారు 8.4 కోట్ల కిలోల నత్రజని మించకూడదని హద్దు పెట్టారు. మురుగునీటి ప్లాంట్లు 2025 నాటికి చేరాల్సిన లక్ష్యాన్ని 2016కే అందుకున్నాయి. పైపు కనబడుతుంది, లెక్క దొరుకుతుంది, కాబట్టి అడగగలిగారు. అక్కడ ఇప్పటికీ నత్రజని ఎక్కువగా వస్తున్నది పొలాల నుంచే.

ఇది చదివాక నాకు మన ఆయకట్టు గుర్తొచ్చింది. మా డ్రెయిన్‌లోకి 2,000 ఎకరాల వరి మురుగు దిగుతుంది. ఎకరాకి రెండు బస్తాల యూరియా, అందులో పదో వంతు నీళ్లలో కొట్టుకుపోయిందనుకుంటే (ఇది నా ఊహే) పంటకి 8,280 కిలోల నత్రజని. ఇందాకటి ఫ్యాక్టరీ ఏడాదికి వదిలేది 7,500! ఆ పొలాల్లో దేనికీ ఔట్‌లెట్ నంబరు లేదు. కాగితం మీద చూస్తే నా జీవామృతం పొలమూ పక్కాయన యూరియా పొలమూ ఒకటే, రెండింటికీ లెక్క లేదు.

ఫ్యాక్టరీని వదిలేద్దామని కాదు. ఆ రిజిస్టరు చూపించమని మండలికి ఈ వారమే అర్జీ పెడుతున్నాను. ఖరీఫ్‌లో మా మురుగు బోదె నీళ్లు ఒక సీసాలో, పక్క యూరియా పొలం బోదె నీళ్లు ఇంకో సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపుతాను. నాట్లయిన మూడు వారాలకి ఆ వీడియో పెడతాను, రిపోర్టు ఎలా వస్తే అలాగే చూపిస్తాను.