పాలు లేని పెరుగు, ప్రాణం తీయని పట్టు

ఇథియోపియాలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏటా దాదాపు 180 రోజులు మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. మతగురువులకైతే ఆ లెక్క 250 రోజుల దాకా పోతుంది. బుధ, శుక్రవారాలు ఎలాగూ నియమమే, ఈస్టర్‌కు ముందు వరసగా 55 రోజులు. ఆ రోజుల్లో తినేదేమిటి? టెఫ్ అనే నలుసంత గింజల పిండిని పులియబెట్టి, మన దోసెలా పెనం మీద పోసిన ఇంజెరా. దాని మీద శనగపిండితో ఉడికించిన షిరో, కారంగా వండిన మసూర్ పప్పు. జంతువుల నుంచి వచ్చేదేదీ లేని వీగన్ తిండి అంటే డబ్బున్నవాళ్ల కొత్త మోజు అనుకునేవారికి ముందుగా చెప్పాల్సిన సంగతి ఇదే.

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో చైనా సంతతివారు తమ పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజుల ఉత్సవం జరుపుతారు. అప్పుడు పాలు, గుడ్లు, మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. పసుపు జెండా కట్టిన బండి కనిపిస్తే చాలు, నిశ్చింతగా తినొచ్చు.

ఈ జీవన విధానానికి ఒక సంఘం, ఒక పేరు వచ్చింది మాత్రం 1944 నవంబరులో, ఇంగ్లండ్‌లో. వడ్రంగం నేర్పే బడిపంతులు డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. చిన్నతనంలో బాబాయి పొలంలో పందిని చంపడం చూసిన వాట్సన్ పద్నాలుగేళ్లకే మాంసం మానేశాడు, తర్వాత పాలూ మానేశాడు. 2005లో చనిపోయేనాటికి ఆయనకు 95 ఏళ్లు. సొసైటీకి యాభై ఏళ్లు నిండిన 1994 నుంచి నవంబరు 1ని ప్రపంచ వీగన్ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. జనవరి నెలంతా ఇలా తిని చూడండంటూ 2014లో బ్రిటన్‌లో మొదలైన 'వీగన్యువరీ' ఇప్పుడు మన దేశంలోనూ సాగుతోంది.

మన ఇళ్లలో మాంసం మానడం ఒక ఎత్తు, పెరుగు మానడం ఒక ఎత్తు. చివరి ముద్ద పెరుగన్నం కాకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు. అలాంటివారి కోసం ఒక విశేషం: పచ్చిమిరపకాయ తొడిమలతో పెరుగు తోడుకుంటుంది! గ్లాసుడు పల్లీలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, మూడు గ్లాసుల నీళ్లు కలిపి పలచటి బట్టలో పిండాలి. ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక ఎనిమిదో పదో తొడిమలు వేసి మూత పెట్టాలి. కాయ చీలకుండా తొడిమ వరకే తుంచాలి, లేకపోతే పెరుగుకు ఘాటు పడుతుంది. తొడిమల మీద సహజంగానే ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా రాత్రికి రాత్రి పని పూర్తిచేస్తుంది. మొదటిసారి కాస్త పలచగా వస్తుంది. తొడిమలు తీసేసి, అందులోంచే ఒక చెంచా తీసి మళ్లీ తోడు పెడితే రెండోసారి గట్టిగా వస్తుంది. పల్లీ వాసన మొదట్లో తెలుస్తుంది, నిజమే. ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి దద్దోజనం కలిపితే ఆ మాటే గుర్తురాదు. పెసరట్టు, పులిహోర, గోంగూర పచ్చడి, నూనె తాలింపు పప్పు... వీటికైతే ఏ మార్పూ అక్కర్లేదు.

పల్లీల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. వేరుశనగ మొక్కను పీకితే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమి చూడండి, లోపల లేత ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. సోయా వేళ్లలోనూ ఉండే ఈ పదార్థాన్నే ఈస్టు చేత తయారుచేయించి, మాంసం లేని బర్గర్‌కు మాంసపు రంగు, రుచి తెచ్చింది ఇంపాజిబుల్ ఫుడ్స్. 2011లో ఆ కంపెనీ పెట్టిన ప్యాట్రిక్ బ్రౌన్ అప్పటికి స్టాన్‌ఫర్డ్‌లో జీవరసాయన శాస్త్ర ఆచార్యుడు.

వీగన్ పద్ధతి తిండితోనే ఆగదు, కట్టే బట్టకూ వర్తిస్తుంది. పట్టుచీర ఒక్కటి నేయాలంటే వేల పట్టుకాయలు కావాలి. దారం తెగకుండా తీయడానికి లోపలి పురుగు ఉండగానే వాటిని వేడినీళ్లలో వేస్తారు, లేదా ఆవిరి పట్టిస్తారు. 1990ల మొదట్లో అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ సతీమణి జానకి గారు, పురుగును చంపని పట్టు దొరుకుతుందా అని అడిగారట. ఆ ప్రశ్న చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేస్తున్న కుసుమ రాజయ్య గారి మనసులో నాటుకుపోయింది. ఆయన పద్ధతిలో పట్టుచిలుక గూడును తొలుచుకుని తనంతట తాను బయటికి వచ్చేదాకా వారం పది రోజులు ఆగుతారు. తెగిన పోగులను పత్తిలా వడుకుతారు. అందుకే అహింసా పట్టుకు మెరుపు తక్కువ, మెత్తదనం ఎక్కువ, ధర కూడా ఎక్కువే. ఈ పద్ధతికి ఆయన పేటెంట్ కూడా పొందారు. పట్టుపురుగులను పెంచడమే తప్పనే వీగన్లు దీన్నీ కట్టరు. వాళ్ల వాదన వాళ్లది. నా దృష్టిలో మాత్రం ఒక నేత నిపుణుడు ఇంత దూరం ఆలోచించడమే చాలా గొప్ప సంగతి.

జంతువుల భాగం ఎక్కడెక్కడ ఉంటుందో ఊహించడం కష్టం. హైదరాబాదు లాడ్ బజారు గాజుల్లోని లక్క ఒక పురుగు విడిచే జిగురు, మాత్రలకూ చాక్లెట్లకూ మెరుపు పెట్టేదీ అదే. గోదావరి తీరంలో కచిడి చేప లక్షలు పలకడానికి కారణం దాని పొట్టలోని గాలితిత్తి. చేపల గాలితిత్తులతో బీరును, వైనును తేటపరుస్తారు. గిన్నెస్ ఆ పద్ధతి మానేస్తున్నట్టు 2015లో ప్రకటించింది. 2016లో బ్రిటన్ కొత్త అయిదు పౌండ్ల నోటులో పశువుల కొవ్వు ఆనవాళ్లున్నాయని తెలిసి లక్షమందికి పైగా అర్జీ మీద సంతకాలు పెట్టారు. నోటు మాత్రం మారలేదు.

మన దేశంలో ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, అందులో పాలు ఉండొచ్చు. పాలు, తేనె కూడా లేవని చెప్పే గుర్తు వేరు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం అది ఆకుపచ్చటి 'వి' అక్షరం మీద చిన్న ఆకు.

పరిశోధనల్లో మన హైదరాబాదుకూ వాటా ఉంది. పశువును కోయకుండా కణాల నుంచి మాంసం పెంచే ప్రయోగాలకు 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సీసీఎంబీకి, జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి నిధులిచ్చింది. ఇక ఆరోగ్యం సంగతి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 22 జతల కవలలను తీసుకుని, ఒకరికి వీగన్ తిండి, ఇంకొకరికి మాంసం కలిసిన మంచి తిండి ఎనిమిది వారాలు పెట్టారు. వీగన్ తిన్నవారి చెడు కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంకోవైపు, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 55 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి, వీగన్లలో ఎముకలు విరిగే ముప్పు మాంసాహారుల కంటే 43 శాతం ఎక్కువని 2020లో తేల్చారు. ఈ రెండోదాన్ని దాచి మొదటిదే ప్రచారం చేయడం సరికాదు. నువ్వులు, రాగులు, తోటకూర, మునగాకు కాల్షియానికి ఆధారం. వాటిని రోజూ తినాలి.

విటమిన్ బి12 సంగతి వేరు. వాట్సన్ సంఘం పెట్టేనాటికి అదేమిటో ఎవరికీ తెలియదు, 1948లో గానీ దాన్ని వేరుచేయలేదు. అది మొక్కల్లో తయారుకాదు, బ్యాక్టీరియా తయారుచేస్తుంది. మాత్రల్లోని బి12 కూడా బ్యాక్టీరియా నుంచి తీసిందే, కాబట్టి వీగన్లు నిస్సందేహంగా వాడొచ్చు. క్యాప్సూల్ అయితే జెలటిన్ ఉందేమో చూసుకోండి. ఈ దారి పట్టాలనుకుంటే మొదటిరోజు నుంచే బి12 మొదలుపెట్టండి, ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలున్న ఇంట్లోనైతే డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి.